బట్టల చాటున ఉన్న పుట్టుమచ్చ: ఎప్పుడు చూపించాలి, ఎవరికి చూపించాలి, ఎలా చూపించాలి

పదో తరగతి సర్టిఫికెట్టులో మన ఒంటి మీది పుట్టుమచ్చలు రెండు రాసి ఉంటాయి. బడిలో పంతులుగారు దగ్గరికి పిలిచి, కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి అని చూసి రాసుకున్న రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రెండింటినీ ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు కాబట్టి వాటిలో తేడా వస్తే ఎవరో ఒకరు "ఇదేమిటి, ఇలా అయింది?" అని అడుగుతారు. గజ్జల్లోనో, మర్మావయవాల మీదనో, పిరుదుల మధ్యనో ఉన్న మచ్చను అలా అడిగే మనిషి ఉండరు. చాలాసార్లు దాన్ని మనం కూడా చూసుకోము. ఈ వ్యాసం ఆ మచ్చల కోసమే.

నేను వైద్యురాలిని కాను. చెన్నైలో చాలా ఏళ్లుగా ఉంటున్నందువల్ల నెల్లూరు, గూడూరు, ఒంగోలు వైపు నుంచి వైద్యం కోసం వచ్చే బంధువులకు తోడుగా, తమిళం రాని వారికి మాట సాయంగా, చర్మవైద్యుల గదుల్లోనూ స్త్రీల వైద్యుల గదుల్లోనూ చాలాసార్లు కూర్చున్నాను. అక్కడ విన్నదాన్నీ, తెలుసుకున్నదాన్నీ, మా ఇంట్లోనే జరిగిన ఒక పొరపాటునూ కలిపి, ఒకదాని తర్వాత ఒకటిగా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొరపాటు సంగతి ముందే చెప్పడం మంచిది. మా వదినకు నలభై ఆరేళ్లు. యోని బయటి పెదవి మీద చిన్నప్పటి నుంచీ ఉన్న మచ్చ ఒకటి రెండేళ్లుగా ఉబ్బెత్తుగా మారి, లోదుస్తుల కుట్టుకు ఒరుసుకుని అప్పుడప్పుడు రక్తపు చుక్క కనిపించేదట. ఆవిడ అన్నయ్యకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పొరుగింటావిడ ఎవరో పులిపిరికి కట్టినట్టు దారం కట్టమంటే అలాగే బిగించి కట్టింది. నాలుగో రోజుకు అది నల్లబడి, వాచి, చీము పట్టి, తర్వాత స్నానాల గదిలో ఊడి పడి నీళ్లతో పాటు పోయింది. జ్వరం వచ్చాక గానీ విషయం బయటికి రాలేదు. వైద్యురాలు అంతా విని, పుండును చూసి, "ఆ ముక్క ఉందా అమ్మా?" అని అడిగారు. లేదన్నాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పుండు మానిన తర్వాత ఆ చోటు నుంచి మళ్లీ కొంత చర్మం తీసి పరీక్షకు పంపారు. అందులో చెడు ఏమీ కనిపించలేదు, కానీ పోయిన ముక్కలో ఏముందో చెప్పగలిగేవారు ఎవరూ లేరు కాబట్టి, ఈ రోజుకీ ఆరు నెలలకొకసారి వదినను తీసుకుని వెళుతూనే ఉన్నాను. మచ్చ ఏమిటో తేలక ముందే దాన్ని నాశనం చేయవద్దు అని ఈ వ్యాసంలో నేను పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

మొదటి అడుగు: అది నిజంగా పుట్టుమచ్చేనా?

మన భాషలో పుట్టుమచ్చ, పులిపిరి, మంగు, నల్లమచ్చ అని విడివిడి మాటలున్నాయి గానీ, చాటు చోట్ల కనిపించే ప్రతి నల్లటి దానినీ మనం "మచ్చ" అనేస్తాం. వైద్యుల దగ్గర మాత్రం ఇవి ఏడెనిమిది వేర్వేరు సంగతులు.

అసలు పుట్టుమచ్చ అంటే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు ఒకచోట గుంపుగా చేరడం. కొన్ని పుట్టుకతోనే ఉంటాయి, ఎక్కువ భాగం బాల్యంలోనూ యౌవనంలోనూ వస్తాయి. నలభై దాటిన తర్వాత కొత్తగా పుట్టుమచ్చ రావడం అంత మామూలు విషయం కాదు కాబట్టి, ఆ వయసులో కొత్తగా వచ్చిన దానిని ఒకసారి చూపించుకోవడం మంచిది. మచ్చ మీద వెంట్రుక ఉండటం ప్రమాదానికి గుర్తు కాదు. దాన్ని పీకకుండా కత్తెరతో చిన్నగా కత్తిరించుకుంటే చాలు.

మర్మావయవాల చర్మం ఒంట్లో మిగతా చర్మం కంటే సహజంగానే నల్లగా ఉంటుంది. యుక్తవయసులోనూ గర్భంతో ఉన్నప్పుడూ ఇంకా నల్లబడుతుంది. దీన్ని రోగం అనుకుని తెల్లబరిచే క్రీములు రాసుకునే వారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అయితే గజ్జలతో పాటు మెడ వెనక, చంకల్లో కూడా చర్మం మందంగా, మఖమల్ గుడ్డలాగా నల్లబడితే అది శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి సూచన కావచ్చు. అలాంటి వారు చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

పురుషులలో వృషణాల సంచి మీద, స్త్రీలలో బయటి పెదవుల మీద, ఆవగింజంత ముదురు ఎరుపు లేక ఊదా నలుపు బుడిపెలు వయసుతో పాటు రావడం కద్దు. ఇవి ఉబ్బిన సూక్ష్మ రక్తనాళాలు. వీటిని యాంజియోకెరటోమా అంటారు. గీరుకుంటే రక్తం వస్తుంది, అది చూసి మనిషి హడలిపోతాడు, కానీ ఇవి కేన్సర్ కావు. గజ్జల మడతల్లో మెత్తగా వేలాడే చిన్న కాడలు స్కిన్ ట్యాగులు, వాటితోనూ ప్రమాదం లేదు. కాలీఫ్లవర్ పువ్వులాగా గరుకుగా, గుంపులుగా పెరిగేవి హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే పులిపిర్లు కావచ్చు, వీటికి ఎక్కువగా ఆ వైరస్‌లోని 6, 11 రకాలు కారణం. అదే వైరస్‌లోని 16వ రకం వల్ల గోధుమ రంగులో, చదునుగా, అచ్చం పుట్టుమచ్చలలాగే కనిపించే బుడిపెలు వస్తాయి. వీటిలో కేన్సరుకు ముందు దశ మార్పులు ఉండే వీలుంది. కంటితో చూసి ఇది మచ్చే అని మనకు మనం తేల్చేసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంకొక సంగతి మన దగ్గర ఎక్కువగా జరిగేది. విరేచనాలకో, ఒళ్లు నొప్పులకో మందుల దుకాణంలో అడిగి మాత్ర వేసుకుంటాం. ఒకటి రెండు రోజుల్లో పురుషాంగం కొన మీదనో యోని పెదవి మీదనో గుండ్రంగా ఎర్రబడి, మండి, తర్వాత బూడిద నలుపు మచ్చగా మిగులుతుంది. ఆ మాత్ర మళ్లీ వేసుకున్నప్పుడల్లా సరిగ్గా అదే చోట మళ్లీ లేస్తుంది. ఇది మందు పడకపోవడం. సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు, టినిడజోల్ వంటివి ఇలా చేస్తాయి. ఇది సుఖవ్యాధి అనుకుని నెలల తరబడి కుమిలిపోయే మగవారు ఎందరో ఉన్నారు. మచ్చ వచ్చిన వారంలో ఏ మాత్రలు వేసుకున్నారో గుర్తు చేసుకుని వైద్యులకు చెప్పగలిగితే సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది.

వీటన్నిటి పక్కన, అరుదుగానే అయినా, మెలనోమా ఉంది. ఇది రంగు కణాలకు వచ్చే కేన్సర్. ఎండ వల్ల వస్తుంది, తెల్ల తోలు వారికి వస్తుంది అని మనం చదువుతూ ఉంటాం. అది నిజమే, మన దేశంలో అది తక్కువే. కానీ మనవారిలో వచ్చే మెలనోమాలో పెద్ద భాగం ఎండ తగలని చోట్ల, అంటే అరికాలిలో, గోళ్ల కింద, నోటిలో, మలద్వారంలో, జననాంగాల తడి పొరల మీద వస్తుంది. స్త్రీల బాహ్య జననాంగాలకు వచ్చే మెలనోమా ఎక్కువగా ముట్లు ఆగిన తర్వాతి వయసులో కనిపిస్తుంది. "మనం నల్లగా ఉంటాం, మనకు రాదు" అన్న ధీమా ఈ చోట్లకు పనికిరాదు.

రెండో అడుగు: చూసుకోవడం

నెలకొకసారి చాలు. స్త్రీలు ముట్టు ఆగిన నాలుగైదు రోజులకు చూసుకుంటే వాపు గానీ తడి గానీ లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. స్నానం చేసి, పొడిగా తుడుచుకుని, తలుపు గడియ వేసుకుని, ట్యూబులైటు కింద కంటే పగటి వెలుతురు వచ్చే కిటికీ పక్కన కూర్చోండి. పరుపు మీద దిండుకు ఆనుకుని, మోకాళ్లు మడిచి, రెండు పాదాల మధ్య చేతి అద్దాన్ని నిలబెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బయటి పెదవులు, వాటి లోపలి వైపు, లోపలి పెదవులు, పైన యోనిశీర్షం చుట్టూ, కింద మలద్వారం దాకా ఒక వరుసలో చూడండి. వేళ్లతో చర్మాన్ని కాస్త సాగదీస్తే మడతల్లో దాగిన మచ్చలు బయటపడతాయి. పురుషులు ముందు చర్మాన్ని వెనక్కి లాగి కొన చుట్టూ, అడుగు భాగం, వృషణాల సంచిని ఎత్తి దాని వెనక వైపు, గజ్జల మడతలు చూసుకోవాలి. పిరుదుల మధ్య భాగం చూడటానికి నేల మీద పెట్టిన అద్దానికి పైగా కాళ్లు ఎడంగా పెట్టి గొంతుక్కూర్చోవడం తప్ప మరో మార్గం లేదు, లేదా భార్యాభర్తలు ఒకరికొకరు చూసిపెట్టుకోవాలి.

కనిపించిన దానిని కాగితం మీద రాసుకోవాలి. తేదీ, ఎక్కడ ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ రంగు, చదునుగా ఉందా లేచి ఉందా. స్కేలు పట్టే చోటు కాకపోతే పోలిక రాయండి: ఆవగింజంత, మినపగింజంత, కందిగింజంత. మన వంటింటి గింజలు ఈ పనికి చాలా బాగా ఉపయోగపడతాయి. ఫోటో తీసుకోవాలనుకుంటే, అది మీ ఫోను నుంచి గూగుల్ ఫోటోస్ వంటి చోటికి దానంతట అదే చేరకుండా ముందు ఆ అమరికను ఆపండి. కుటుంబం మొత్తం ఒకే ఖాతా వాడే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మూడో అడుగు: ఏ మార్పును మార్పు అనాలి?

1985లో న్యూయార్కు విశ్వవిద్యాలయ వైద్యులు మెలనోమాను తొందరగా గుర్తించడానికి నాలుగు గుర్తులు చెప్పారు, 2004లో దానికి ఐదోది చేర్చారు. మచ్చను మధ్యకు గీత గీసినట్టు ఊహించుకుంటే రెండు సగాలూ ఒకలా లేకపోవడం మొదటిది. అంచు నున్నగా గీసినట్టు కాకుండా సిరా ఒలికినట్టు, పళ్లు పళ్లుగా ఉండటం రెండవది. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎరుపు, నీలం, తెలుపు వంటి రంగులు కలగలిసి ఉండటం మూడవది. పెన్సిల్ వెనక ఉండే రబ్బరు కంటే, అంటే దాదాపు 6 మిల్లీమీటర్ల కంటే పెద్దగా ఉండటం నాలుగవది. వారాల, నెలల వ్యవధిలో మారుతూ ఉండటం ఐదవది. ఐదింటిలోనూ ఈ చివరిదే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఇరవై ఏళ్లుగా పెద్దగా, వంకరగా ఉండి కూడా అలాగే కదలకుండా ఉన్న మచ్చ కంటే, మూడు నెలల్లో ఆవగింజ నుంచి మినపగింజ అయిన బుల్లి మచ్చ గురించే ఎక్కువ ఆలోచించాలి.

అయితే చాటు చోట్ల ఈ ఐదు గుర్తులూ రెండు వైపులా మోసం చేయగలవు. జననాంగాల తడి పొర మీద వచ్చే చదునైన నల్లమచ్చలు, వైద్యులు మెలనోసిస్ అనేవి, ప్రమాదం లేనివి అయి ఉండి కూడా అంచు వంకరగా, రంగు రంగులుగా, పెద్దవిగా కనిపిస్తాయి. యువతుల జననాంగాల మీది కొన్ని మామూలు పుట్టుమచ్చలు సూక్ష్మదర్శిని కింద కూడా భయపెట్టేలా ఉంటాయని, అందుకే వాటిని చూడటంలో అనుభవం ఉన్న పాథాలజిస్టు, అంటే తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించే వైద్యులు కావాలని వైద్యులే చెబుతారు. మరో వైపు, కొన్ని మెలనోమాలకు నల్లరంగే ఉండదు. గులాబీ రంగు బుడిపెగా, మానని పుండుగా ఉంటాయి. కాబట్టి రంగును మాత్రమే నమ్ముకోకుండా, దురద, మంట, రసి కారడం, రక్తం రావడం, గట్టిపడటం, పొక్కు కట్టి మళ్లీ రేగడం అన్న వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీ ఒంటి మీది మిగతా మచ్చలన్నీ ఒక తీరుగా ఉండి, ఒక్కటి మాత్రం వాటిలో కలవకుండా వేరుగా కనిపిస్తే, మిగతా గుర్తులు లేకపోయినా దాన్ని చూపించండి.

నాలుగో అడుగు: ఎంత తొందరగా వెళ్లాలి?

దెబ్బ తగలకుండానే రక్తం వస్తున్న మచ్చ, పుండు పడి మూడు వారాలకు కూడా మానని చోటు, నెలల్లో పెరిగిన మచ్చ, కొత్తగా వచ్చి నల్లగా గట్టిగా లేచిన బుడిపె, మచ్చతో పాటు గజ్జలో గట్టి గడ్డ తగలడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండు వారాల లోపు వైద్యుల ముందు కూర్చోవాలి. పండగ అయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక, ఊరి నుంచి అమ్మ వచ్చాక అని వాయిదా వేయవద్దు. ముట్లు ఆగిన స్త్రీకి లోదుస్తుల మీద రక్తం కనిపిస్తే, అది మచ్చ నుంచి వచ్చిందని ఖాయంగా తోచినా సరే, స్త్రీల వైద్యురాలిని తప్పక కలవాలి. గర్భసంచి నుంచి వచ్చే రక్తాన్నీ దీన్నీ మనం ఇంట్లో వేరు చేయలేము.

మలద్వారం దగ్గరి రక్తం గురించి వేరుగా చెప్పాలి. మనవాళ్లు దాన్ని మొలలు అంటారు, మందుల దుకాణంలో పూత మందు కొంటారు, నెలలు గడిపేస్తారు. చాలాసార్లు అవి మొలలే. కానీ మలద్వారపు మెలనోమా మొదట్లో మొలల్లాగే ఉంటుంది, వైద్యులు కూడా పొరబడిన సందర్భాలున్నాయి. వేలితో, గొట్టంతో లోపలికి చూసి పరీక్ష చేయకుండా ఎవరైనా మొలలే అని మందు రాసిస్తే, పరీక్ష చేయమని మర్యాదగా అడగండి. కోసి తీసిన మొలను కూడా పాథాలజీ పరీక్షకు పంపించమని అడగండి.

దురద ఎక్కువై చర్మం తెల్లగా, పలచని కాగితంలాగా మారుతున్నా, ఆ తెల్లని చోట నల్లమచ్చలు పుడుతున్నా నెల రోజుల లోపు చూపించుకోవాలి. ఇది లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. వైద్యులు రాసిచ్చిన మందు పద్ధతిగా వాడితే అదుపులో ఉంటుంది, వదిలేస్తే కొద్దిమందిలో కేన్సరుకు దారితీస్తుంది. చదునుగా, ఒకే రంగుతో, ఏళ్లుగా మారకుండా ఉన్న మచ్చకు ఈ తొందర అక్కర్లేదు. ఏదో ఒక పని మీద చర్మవైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు "ఇది కూడా ఒకసారి చూడండి" అంటే సరిపోతుంది.

గర్భిణులకు ఒక మాట. కడుపుతో ఉన్నప్పుడు చర్మం అంతా నల్లబడుతుంది కాబట్టి మచ్చలూ మారతాయిలే అని పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చర్మం మొత్తం నల్లబడటం వేరు, ఒకే ఒక్క మచ్చ మాత్రం మారడం వేరు. రెండోది కనిపిస్తే ప్రసవం దాకా ఆగవద్దు, చిన్న బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, గర్భంతో ఉన్నప్పుడు కూడా చేయవచ్చు. పసిపిల్లల పిరుదుల మీద నీలంగా కమిలినట్టు ఉండే మచ్చలు మన పిల్లల్లో చాలా మామూలు, కొన్నేళ్లలో వాటంతట అవే పోతాయి. నడుము, పిరుదులు కమ్ముకునేంత పెద్ద పుట్టుమచ్చతో బిడ్డ పుడితే మాత్రం మొదటి నెలల్లోనే చర్మవైద్యుల పర్యవేక్షణ మొదలవ్వాలి. గజ్జల్లో, చంకల్లో చిన్న చిన్న గోధుమ చుక్కలు, ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉన్న పిల్లలను కూడా చూపించాలి, అది నాడులకు సంబంధించిన వంశపారంపర్య జబ్బుకు గుర్తు కావచ్చు.

ఐదో అడుగు: వెళ్లే లోపు ఏం చేయకూడదు?

సున్నమూ చాకలి సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం అంటించడం, తల వెంట్రుకతోనో దారంతోనో బిగించి కట్టడం మన ఊళ్లలో పులిపిర్లకు తరతరాలుగా చేస్తున్నవే. మోచేతి మీదే ఇవి పుండ్లు చేస్తాయి, జననాంగాల పలచని చర్మం మీద లోతుగా కాల్చేస్తాయి. చర్మం కాలడం కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మచ్చ కాలిపోయాక పరీక్షించడానికి ఏమీ మిగలదు, పై భాగం పోయి లోపలి వేరు మిగిలితే కొన్నాళ్లకు మానిన గాయపు పొర కింద అది పెరుగుతున్నా తెలియదు.

ఇదే మాట నగరంలోని బ్యూటీ పార్లర్లకూ వర్తిస్తుంది. అక్కడ విద్యుత్ సూదితో మచ్చలు కాల్చే పనిని ముఖానికి రాసే లేపనం అంత తేలిగ్గా చేస్తున్నారు. వైద్యులే చేసినా సరే, రంగున్న మచ్చను లేజరుతోనో, కాటరీ అనే కాల్చే పరికరంతోనో తీసేస్తామంటే "ముందు బయాప్సీ చేస్తారా, తీసిన దాన్ని పరీక్షకు పంపిస్తారా?" అని అడగండి. అనవసరం అని చెబితే, ఎందుకు అనవసరమో డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూసి చెప్పారా అని అడగండి. వెంట్రుకలు శాశ్వతంగా పోవడానికి చేసే లేజరు నల్లరంగును వెతికి వేడి చేస్తుంది కాబట్టి పుట్టుమచ్చ మీద దాన్ని తగలనివ్వకూడదు. రేజరు, వ్యాక్స్ కూడా మచ్చను తప్పించే వాడాలి.

చెన్నై ఉక్కపోతలో గజ్జల్లో తామర రావడం, దానికి దుకాణంలో అడిగి మూడు నాలుగు మందులు కలిసిన గొట్టం మందు రాయడం ఇంటింటా ఉన్నదే. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గుతుంది, తర్వాత తామర రూపం మారి ముదురుతుంది, చర్మం పలచబడుతుంది, పక్కనున్న మచ్చ అసలు రూపం కూడా చెదిరిపోతుంది. చూపించుకోవడానికి వెళ్లే ముందు ఏ గొట్టం వాడారో అది కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.

ఆరో అడుగు: చెన్నైలో ఎవరి దగ్గరికి?

మొదట చర్మవైద్యులు. బోర్డు మీద ఎండీ తర్వాత డీవీఎల్ అని గానీ, లేదా డీడీవీఎల్ అని గానీ ఉందో లేదో చూడండి. ఆ అక్షరాలకు అర్థం చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు, మూడింటిలోనూ శిక్షణ ఉందని. "సుఖవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లడమా, ఎవరైనా చూస్తే?" అని వెనకాడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి, ముఖం మీద మొటిమలకు వచ్చేవారూ జుట్టు రాలుతోందని వచ్చేవారూ అదే బెంచీ మీద కూర్చుంటారు. మీరు ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. స్త్రీలు తమకు అలవాటైన గైనకాలజిస్టుకు ముందు చూపించుకున్నా మంచిదే, అవసరమైతే ఆవిడే చర్మవైద్యులకు చీటీ రాస్తారు. మూత్రనాళం చుట్టూ ఉన్న మచ్చకు యూరాలజిస్టు, అంటే మూత్ర వ్యాధుల వైద్యులు అవసరం కావచ్చు.

రైలు దిగి వచ్చేవారికి సెంట్రల్ స్టేషనుకు ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది, అక్కడ చర్మ విభాగం ఉంది. స్త్రీలకు ఎగ్మోరులో ప్రభుత్వ ప్రసూతి, స్త్రీ వైద్య సంస్థ ఉంది. ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ గోషా ఆస్పత్రి అనే అంటారు. మగ వైద్యుల ముందుకు రాలేక ఇళ్లలోనే బాధ పడుతున్న స్త్రీల కోసం 1885లో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలి పూనికతో మొదలైన ఆస్పత్రి అది. సిగ్గు వల్ల వైద్యం అందకపోవడం ఈ నగరానికి నూట నలభై ఏళ్ల క్రితమే తెలిసిన సమస్య అన్నమాట. కేన్సర్ అనుమానం గట్టిగా ఉన్నప్పుడు పంపించే చోట్లలో అడయారులోని కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. చెల్లెలు కేన్సరుతో చనిపోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దానిని 1954లో నెలకొల్పారు.

భాష గురించి భయపడవద్దు. తమిళంలోనూ పుట్టుమచ్చను మచ్చం అనే అంటారు. పులిపిరిని మరు అంటారు, దురదను అరిప్పు, మంటను ఎరిచ్చల్, పుండును పుణ్ణు, రక్తాన్ని రత్తం అంటారు. ఈ ఆరు మాటలు చీటీ మీద రాసుకుని వెళితే చాలు. తోడు వచ్చిన మరిది ముందో, తోడల్లుడి ముందో ఇవన్నీ చెప్పవలసిన ఇబ్బంది తప్పుతుంది. పెద్ద ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన నర్సు ఎవరైనా ఉన్నారా అని అడిగితే తరచుగా ఒకరు దొరుకుతారు.

ఏడో అడుగు: గదిలోకి వెళ్లాక

కూర్చోగానే విషయం చెప్పేయండి. ముందు తలనొప్పి, తర్వాత కాళ్ల నొప్పులు, లేచి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర నిలబడి "ఇంకో చిన్న విషయం డాక్టరుగారూ" అని అసలు సంగతి ఎత్తడం మన అలవాటు. అప్పటికి తర్వాతి మనిషిని పిలిచేసి ఉంటారు. "మర్మస్థానంలో ఒక మచ్చ ఉంది, మూడు నెలల్లో పెరిగింది, రెండు సార్లు రక్తం వచ్చింది, చూసి చెప్పండి" అంటే చాలు. నోటితో చెప్పలేకపోతే రాసిన కాగితం ఇవ్వండి. మా వదిన రెండోసారి వెళ్లినప్పుడు అలాగే చేసింది, నాలుగుగా మడిచిన కాగితాన్ని బల్ల మీద పెట్టి తల వంచుకుని కూర్చుంది, వైద్యురాలు చదివి "బాగా రాశారమ్మా" అని లేచి తెర లాగారు.

చూడకుండా మాట మీదనే మందు రాసిస్తే ఒప్పుకోవద్దు, మచ్చను చూడనిదే చెప్పడం కుదరదు. స్త్రీని మగ వైద్యుడు పరీక్షించేటప్పుడు గదిలో నర్సు గానీ, మీ తోడు గానీ ఉండాలి. అది అడగడం మీ హక్కు, వైద్యులకు కూడా అదే పద్ధతి. ఫోటో తీయాలంటే మీ అనుమతి తీసుకోవాలి, ముఖం రాకూడదు. మచ్చ ఉన్న చోటు తప్ప మిగతాది దుప్పటితో కప్పమని అడగవచ్చు. డెర్మోస్కోపు అనేది దీపం ఉన్న భూతద్దం, దాదాపు పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, చర్మానికి ఆనిస్తారు, నొప్పి ఉండదు. తర్వాత గజ్జల్లో గడ్డలున్నాయేమో చేత్తో చూస్తారు. అరికాళ్లు, గోళ్లు, నోరు కూడా చూస్తే మంచి వైద్యుల దగ్గరికి వచ్చారని అనుకోండి.

మీ ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చిందా, మీకు అవయవ మార్పిడి జరిగిందా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా, హెచ్‌ఐవీ ఉందా అని అడుగుతారు. ఇవి మిమ్మల్ని అనుమానించి అడిగే ప్రశ్నలు కావు, నిజం చెప్పడం వల్ల పరీక్ష సరైన దారిలో వెళుతుంది.

ఎనిమిదో అడుగు: బయాప్సీ, ఆ తర్వాత

ముక్క తీసి పరీక్షిస్తే కేన్సర్ రేగి పాకుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. పరీక్షించకుండా వదిలేసిన దానికే పాకడానికి సమయం దొరుకుతుంది. చిన్న మచ్చ అయితే చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చర్మంతో కలిపి మొత్తం తీసేస్తారు, పెద్దది అయితే అన్నిటికంటే అనుమానంగా ఉన్న చోటు నుంచి ముక్క తీస్తారు. ముందుగా లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ సూది గుచ్చిన అర నిమిషం మంట పుడుతుంది, ఆ తర్వాత లాగినట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నట్టయితే ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయవద్దు.

తీసిన ముక్కను, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న చిన్న సీసాలో వేస్తారు. ఆ సీసా మీద మీ పేరూ, తీసిన చోటూ రాశారో లేదో మీ కళ్లతో చూడండి. కొన్ని చోట్ల ఆ సీసాను ల్యాబుకు మనల్నే తీసుకువెళ్లమంటారు, అప్పుడు ఆలస్యం చేయకుండా నేరుగా వెళ్లి ఇచ్చి రసీదు తీసుకోండి. రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది, అదనపు రంగు పరీక్షలు అవసరమైతే ఇంకొన్ని రోజులు పడుతుంది.

కుట్లున్న చోటును మామూలు నీళ్లతో కడిగి, ఒత్తి తుడవకుండా అద్ది ఆరబెట్టాలి. వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. ఉక్కపోత నెలల్లో రోజుకు రెండుసార్లు మార్చాలి. వైద్యులు చెప్పేదాకా దాంపత్యానికి, స్కూటరు మీద దూర ప్రయాణాలకు విరామం ఇవ్వాలి. గుడ్డతో పదిహేను నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, చీము, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్లాలి.

రిపోర్టులో నీవస్ అని ఉంటే అది మామూలు పుట్టుమచ్చ. అటిపికల్ అని గానీ డిస్‌ప్లాస్టిక్ అని గానీ ఉంటే కేన్సర్ అని అర్థం కాదు, అంచుల దాకా పూర్తిగా తీశారా, మళ్లీ తీయాలా అని అడగాలి. మెలనోమా అని ఉంటే పక్కనే బ్రెస్లో మందం అని మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు చూపించిన కొలత అది. కేన్సర్ ఎంత లోతుకు దిగిందో చెబుతుంది, తర్వాతి చికిత్స చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత మేలు. అటువంటి రిపోర్టు చేతికి వచ్చిన రోజు ఊరికి తిరిగి వెళ్లిపోవద్దు. కేన్సర్ ఆస్పత్రిలో అపాయింట్‌మెంటు తీసుకునే వరకు చెన్నైలోనే ఉండండి, మీ ముక్కను పరిచి చూసిన గాజుపలకలనూ, మిగిలిన ముక్క ఉన్న మైనపు దిమ్మనూ ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. మరో ఆస్పత్రివారు వాటిని మళ్లీ తమ కళ్లతో చూడాలంటారు.

రిపోర్టు ఏదైనా సరే, దాన్ని మంచం కిందా, పూజ గది అలమరాలోనూ దాచకండి. ఏ చోటి మచ్చ, ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అన్నది ఒక కాగితం మీద రాసి రిపోర్టుకు గుచ్చి, పదో తరగతి సర్టిఫికెట్టు ఉన్న ఫైలులోనే పెట్టండి. వదిన కాగితాలు కూడా మా ఇంట్లో అక్కడే ఉన్నాయి, మొన్న ఆరు నెలల పరీక్షకు వెళ్లినప్పుడు కొత్తగా వచ్చిన వైద్యురాలు మొదట అడిగింది వాటినే.